తప్పు చేయడానికి జాగా ఎంతుంది?

(కార్లంటే ఇష్టమున్న ఉత్తరాంధ్ర మిత్రులు రేసు ట్రాక్ మీద ఒక రోజు గడపాలనుకుని విజయనగరంలో పెట్టుకున్న ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బొబ్బిలి నుంచి, శ్రీకాకుళం నుంచి, పలాస నుంచి పొద్దున్నే లేచి వచ్చిన వాళ్లకు మరీ నమస్కారం. పలాస తమ్ముడు ఇందాక టీ తాగుతూ నా చెవిలో ఓ మాట చెప్పాడు. మడపాం టోల్‌గేటు దగ్గర తప్ప ఎక్కడా ఆగలేదట, గంటన్నరలో విజయనగరం వచ్చేశాడట. నేను విననట్టే ఉంటాను. ఆ హైవే మీద కారుకు పరిమితి 100. మధ్యలో ఎన్ని ఊళ్లున్నాయి, ఎన్ని చోట్ల డివైడర్ కోసి ఉంది, రణస్థలం దగ్గర ఆటోలు ఎదురు దారిలో ఎలా వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మనకీ మీటింగు ఎందుకయ్యా అని ఇంట్లో అడిగితే ఈ తమ్ముడి పేరు చెప్పండి. (నవ్వులు)

సరే, అసలు విషయం. ఏ ట్రాక్‌కు వెళ్దాం అని మిమ్మల్ని చీటీలు రాయమన్నాం. 24 మంది రాశారు. అందులో 15 మంది ఢిల్లీ దగ్గరున్న బుద్ధ్ ట్రాక్ పేరు రాశారు. ఆరుగురు చెన్నై, ఇద్దరు కోయంబత్తూరు. ఒకాయన మాత్రం భోగాపురం ఎయిర్‌పోర్టు రన్‌వే అని రాశారు. చేతిరాత గుర్తుపట్టాను గానీ పేరు చెప్పను.

ఆయన మరీ తప్పేం రాయలేదు లెండి. మన దేశంలో కార్ల పందాలు మొదలైంది అలాంటి చోట్లే. చెన్నై దగ్గర షోళవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల పట్టీ ఒకటి ఉండేది. ఇప్పుడున్న ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో పందాలంటే అదే. కానీ భోగాపురంలో మనకంటే ముందు విమానాలు వరసలో ఉన్నాయి కదా.

నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీరంతా చీటీ రాసేటప్పుడు మీ కారు ఎంత స్పీడు పోగలదో ఊహించుకుని రాశారు. ట్రాక్‌ను అలా ఎంచుకోకూడదు. మనలో అందరికంటే కొత్తగా, అందరికంటే కంగారుగా నడిపే మనిషి ఎవరో ఆయన్ను గుర్తుపెట్టుకోండి. ఆయన మలుపు దగ్గర లెక్క తప్పితే కారు ఎక్కడికి పోతుంది, ఏం తగిలి ఆగుతుంది అని చూసి ఎంచుకోవాలి.

ఆగడం గురించి మాట్లాడాలంటే మన ఊళ్లో కోడి రామమూర్తి నాయుడి పేరు ఎత్తకుండా కుదరదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ పెట్టి దేశమంతా తిరిగిన మనిషి. రెండు కార్లకు కట్టిన గొలుసులు రెండు చేతులతో పట్టుకుంటే కార్లు కదిలేవి కావని మా తాత చెప్పేవాడు. చిన్నప్పుడు విని ఆహా అనుకున్నాను. బ్రేకుల పనిలో పడ్డాక ఒక సంగతి తెలిసింది. నాయుడుగారు కదలని కార్లను కదలకుండా పట్టుకున్నారు. మీరు ట్రాక్ మీద 180లో ఉన్న కారును 80కి తేవాలి, అదీ నాలుగైదు సెకన్లలో.

ఆ లెక్క కొంచెం చూద్దాం. మీలో చాలామందికి ఉన్న పెట్రోల్ టర్బో సెడాన్ బరువు మనిషితో కలిపి 1,300 కిలోలు అనుకోండి. అది 180లో పోతున్నప్పుడు దానిలో ఉండే శక్తి సుమారు 16 లక్షల జౌళ్లు. 80కి తగ్గేసరికి మిగిలేది 3 లక్షల పైచిలుకు. మధ్యలో ఉన్న 13 లక్షలు ఎక్కడికి పోయాయి? దాదాపు అంతా చక్రాల దగ్గరుండే బ్రేకు డిస్కుల్లోకి, వాటిని నొక్కే ప్యాడ్లలోకి వేడిగా పోయింది. ఇంట్లో ఓ గిన్నెలో నాలుగు లీటర్ల చన్నీళ్లు పొయ్యి మీద పెట్టి మరిగేదాకా కాయడానికి పట్టే వేడి అది. గ్యాస్ మీద ఎంతసేపు పడుతుందో ఆడవాళ్లను అడగండి. మీరు కాఫీ పెట్టేవారైతే మీకే తెలుసు. అంత వేడి నాలుగు చక్రాల దగ్గర నాలుగైదు సెకన్లలో పుడుతుంది. ఆ డిస్కు చల్లారకముందే ఇంకో మలుపు వస్తుంది. రెండు నిమిషాల పైచిలుకు గడిచేసరికి మళ్లీ అదే మలుపు.

ఇంకో మాట. స్పీడు రెట్టింపైతే ఈ వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. 100 నుంచి ఆపడం వేరు, 200 నుంచి ఆపడం వేరు. బుద్ధ్ అని రాసిన 15 మందీ ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నాకు ఇది పుస్తకంలో చదివి తెలియలేదు. మొదటిసారి ట్రాక్‌కు వెళ్లినప్పుడు, ఏ ట్రాక్ అనేది వదిలేయండి, పాపం దాని తప్పేం లేదు, బయల్దేరే ముందు కారు సర్వీసుకు ఇచ్చాను. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చామని బిల్లులో రాశారు. నేను మూత తీసి చూడలేదు. నాలుగో ల్యాపులో, అంటే నాలుగో చుట్టులో, పెడల్ కొంచెం మెత్తగా అనిపించింది. నా భ్రమేమో అనుకున్నాను. ఐదో ల్యాపులో మలుపు ముందు తొక్కితే పెడల్ నేరుగా కిందికి, మ్యాట్ దాకా పోయింది. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత గబగబా మూడు నాలుగు సార్లు తొక్కాను, గేర్లు దించాను, స్టీరింగు తిప్పకుండా నేరుగా పట్టుకున్నాను. కారు మలుపు తిరగలేదు. తారు దాటి, గడ్డి దాటి, కంకరలోకి పోయి బొడ్డు దాకా కూరుకుపోయి ఆగింది. నాకు గీత పడలేదు, కారుకు కింద బంపర్ క్లిప్పులు రెండు పోయాయి, అంతే.

ఊరికి వచ్చాక మా కంటోన్మెంటు దగ్గర మేస్త్రి ఆ ఫ్లూయిడ్ సీసాలోకి లాగి వెలుతురుకు పట్టి చూపించాడు. కొత్తది లేత తేనె రంగులో ఉంటుంది. నాది చెరుకు పానకంలా ఉంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే 155కే మరగొచ్చు. మరిగితే పైపులో ఆవిరి బుడగలు వస్తాయి. మీరు తొక్కేది ఆ బుడగల్ని, బ్రేకును కాదు. మేస్త్రి అంతా చూసి ఒకటే అన్నాడు: "బాబూ, బండి పరిగెట్టడానికి ఏటుంది, తోసినా పరిగెడతాది. ఆగతాదో లేదో సూడు ముందు."

నేను ఆ రోజు బతికి బయటపడింది నా చాకచక్యం వల్ల కాదు. ఆ మలుపు వెనక ఖాళీ జాగా ఉండబట్టి. అదే గోడ ఉండి ఉంటే మీకు ఇంకెవరో మాట్లాడేవారు.

ఇప్పుడు ట్రాకుల దగ్గరికి వద్దాం. మన తెలుగు నేల మీద ట్రాక్ మాట ఎత్తితే, హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో కరెంటు కార్ల పందెం ఫార్ములా ఈ జరిగింది కదా అంటారు. జరిగింది. హుస్సేన్ సాగర్ పక్కన 2.8 కిలోమీటర్ల దారికి రెండు వైపులా సిమెంటు దిమ్మెలు పెట్టి ట్రాక్ చేశారు. పందెం అయ్యాక తీసేశారు. పైగా వీధి ట్రాకు అంటే తప్పు చేయడానికి జాగానే ఉండదు, తప్పితే గోడే. టీవీలో చూడటానికి బాగుంటుంది.

బుద్ధ్ గ్రేటర్ నోయిడాలో ఉంది. 5.125 కిలోమీటర్లు, 16 మలుపులు. ఫార్ములా వన్ ట్రాకులు గీసే హెర్మన్ టిల్కే గీశాడు. 2011 నుంచి 2013 దాకా మూడు సార్లు ఫార్ములా వన్ జరిగింది, మూడూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. 2023లో బైకుల పందెం మోటో జీపీ వచ్చింది. ఖాళీ జాగా విషయంలో దానికి వంక పెట్టలేం. చాలాచోట్ల తారు వేసిన జాగాయే మైదానంలా ఉంటుంది. మరి వద్దంటానేమిటి? వెనకవైపు తిన్నటి దారి కిలోమీటరు పైన ఉంది. మనలో పెద్ద బీఎండబ్ల్యూ ఉన్నవాళ్లు ఆ చివరకు చేరేసరికి 200 దాటి ఉంటారు, ఆపే ప్యాడ్లేమో షోరూం నుంచి వచ్చినవే. ఇందాకటి నాలుగింతల లెక్క అక్కడ పనిచేస్తుంది. ఇంకోటి దూరం. ఇక్కడి నుంచి 1,700 కిలోమీటర్ల పైమాట. కారు ట్రక్కు మీద పంపాలి, మనం విమానంలో పోవాలి. అక్కడ ఏ చక్రం బోల్టో విరిగితే ఎవరిని పిలుస్తాం? రెండేళ్లు అనుభవం వచ్చాక వెళ్దాం. నాకూ ఆశ ఉంది.

కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే. చెట్టిపాళయంలో ఉంది, 2.1 కిలోమీటర్లు. కరివర్ధన్ పేరు మీద పెట్టారు. మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చులో ఒక్క సీటు రేసు కారు తయారుచేసి మామూలు కుర్రాళ్లకు అందుబాటులోకి తెచ్చిన మనిషి ఆయన. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చిన్న ట్రాక్, స్పీడులు తక్కువ, నేర్చుకోవడానికి బాగుంటుంది. బ్రేకులు కూడా అంత కాగవు. కాకపోతే రెండు ఇబ్బందులు. ఒకటి, ఒకేసారి పది కార్లు వదిలితే కారుకీ కారుకీ మధ్య సగటున 210 మీటర్లే ఉంటుంది. కొత్తవాళ్లు అద్దం చూడటం మొదలుపెడతారు, మలుపు చూడటం మానేస్తారు. రెండోది, మనకు 1,300 కిలోమీటర్ల దూరం.

చెన్నై ట్రాక్‌ను ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, బెంగళూరు హైవే పక్కనే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లది. 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. అవే పది కార్లు ఇక్కడ తిరిగితే మధ్యలో 370 మీటర్లు. ఆరు కార్లే వదిలితే 600 పైన. ఇక్కడి నుంచి 850 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరి విజయవాడలోనో ఒంగోలులోనో రాత్రి పడుకుని, రెండో రోజు మధ్యాహ్నానికి చేరవచ్చు. ఎవరి కారు వాళ్లే నడుపుకుని పోవచ్చు. హైవే పక్కనే కాబట్టి పెట్రోలు బంకుకు వెతుక్కోనక్కర్లేదు. ట్రాక్ మీద ఈ కార్లు లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. 20 నిమిషాల సెషన్‌లో ఎనిమిది ల్యాపులంటే 30 కిలోమీటర్లు, అంటే ఏడెనిమిది లీటర్లు. నాలుగు సెషన్లకు 30 లీటర్లు. ట్యాంకు నింపుకొని వెళ్లి, తిరుగు ప్రయాణానికి మళ్లీ నింపుకోవాలి.

అయితే చెన్నైలో ఒక చిక్కు ఉంది. మొదటి మలుపు చాలా వేగంగా తిరిగే కుడి మలుపు. బాగా నడిపేవాళ్లకు అక్కడే మజా, కొత్తవాళ్లు అక్కడే తేలిపోతారు. నేను అనుకుంటున్నది ఏమంటే, ఉదయం రెండు సెషన్లూ ఆ మలుపుకు ముందు రబ్బరు కోన్లు అడ్డంగా పెట్టించి అందరినీ 80కి తగ్గేలా చేద్దాం. మధ్యాహ్నం భోజనాల తర్వాత, చూసి, తీద్దామో వద్దో అనుకుందాం. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

ఇక బుక్ చేసే ముందు ఇద్దరం ముగ్గురం వెళ్లి ట్రాక్ మీద నడిచి రావాలి. ఫొటోలు చూసి డబ్బు కట్టేది లేదు. నడిస్తే ఏం తెలుస్తుందంటే, మలుపు బయటి అంచున నల్లటి టైరు గీతలు కనిపిస్తాయి. చాలా మలుపుల్లో అవి తారు మీదే అయిపోతాయి. ఒకటి రెండు మలుపుల్లో మాత్రం తారు దాటి, అంచు మీది రంగు పట్టీ దాటి, గడ్డిలోకి పోతాయి. జనం ఎక్కడ తప్పుతున్నారో ట్రాకే రాసి పెట్టింది. ఆ గీత ఏ వైపు పోతోందో దాని వెంట మీరూ నడవండి, అడుగులు లెక్కపెట్టండి. ఎన్ని అడుగులకు గోడ వచ్చింది? గోడ ముందు టైర్లు పేర్చి ఉన్నాయా? ఆ టైర్లను ఒకదానికొకటి బోల్టులతో బిగించారా, ఊరికే పేర్చారా? ఊరికే పేర్చినవి గుద్దితే చెల్లాచెదరై ట్రాక్ మీదకే వస్తాయి. గడ్డి ఎండుగా ఉందా, తడిగా ఉందా? తడి గడ్డి మీద కారు అసలు తగ్గదు, సబ్బు మీద పోయినట్టు పోతుంది. కంకర అయితే ఆపుతుంది. కానీ కారు దిగబడిన ప్రతిసారీ ఎర్ర జెండా ఊపి, అందరినీ లోపలికి పిలిచి, బండితో లాగాలి. సెషన్‌లో సగం దానికే పోతుంది. నా వల్ల ఆ రోజు ఇరవై మంది అరగంట ఎండలో నిలబడ్డారు. వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

అంబులెన్సు. ఇది బేరం ఆడే విషయం కాదు. అంబులెన్సు ఉందా అని కాదు అడగాల్సింది, అందులో డాక్టరు ఉంటారా అని అడగాలి. నలిగిన కారులోంచి మనిషిని కోసి బయటకు తీసే సామాను, తీయడం తెలిసిన మనుషులు ఉన్నారా అని అడగాలి. అంబులెన్సు ఎవరినైనా ఆస్పత్రికి తీసుకుపోతే రెండోది వచ్చేదాకా ట్రాక్ మూసేస్తారా? మూయం, మీరు తిరగండి అంటే ఆ చోటు మనకొద్దు. ప్రతి మలుపు దగ్గరా జెండా పట్టుకుని మార్షల్ ఉండాలి, ఒక మార్షల్‌కు ఇంకో మార్షల్ కనపడాలి. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, తగ్గు, ఎవరినీ దాటకు. పసుపు ఎరుపు చారల జెండా అంటే దారి జారుతోంది. ఇవి పొద్దున్న బ్రీఫింగులో చెబుతారు. నిద్ర కళ్లతో వినకండి.

ఇన్సూరెన్సు మాట వినగానే అందరూ ఫోన్లు చూసుకుంటారు. రెండు ముక్కల్లో చెబుతాను. మీ కారు పాలసీ కాగితంలో 'వాడకం మీద పరిమితులు' అని ఒక పేరా ఉంటుంది. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కు వాడితే పాలసీ చెల్లదని అందులో ఉంటుంది. అందుకని ట్రాక్ మీద కారుకు ఏమైనా అయితే మన జేబు నుంచే అనుకుని రండి. అప్పు చేసి కొన్న కారైతే ఇంట్లో చెప్పి రండి. నేను మాత్రం మొదటిసారి చెప్పలేదు. (నవ్వులు) స్టాప్‌వాచ్‌లు, ల్యాప్ టైము యాప్‌లు వద్దనేది కూడా ఇందుకే. టైము మొదలైతే పందెం మొదలవుతుంది. టైము చూసుకున్న మొదటి మనిషి నుంచి పదో మనిషి దాకా అందరూ రెండో సెషన్‌లో ఒక మెట్టు ఎక్కువ తొక్కుతారు.

ఎప్పుడు వెళ్దామనేది చిన్న విషయం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వాన. పైగా పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరం వాళ్లను ఊరు కదలమంటే కదలరు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు టైర్లు మెత్తబడతాయి, మనుషులూ మెత్తబడతారు. సంక్రాంతి వారం హైవే మీద హైదరాబాదు కార్లే ఉంటాయి. మిగిలేది జనవరి చివర, ఫిబ్రవరి. ఎటొచ్చీ రథసప్తమి అప్పుడే పడుతుంది, శ్రీకాకుళం వాళ్లకు అరసవల్లి ఉంటుంది. ఆ రోజు చూసుకుని, అది వదిలేసి తేదీ వేద్దాం.

ప్రశ్న: టైర్లలో గాలి ఎంత పెట్టాలండీ?

డోరు మీద చీటీలో ఉన్నంత పెట్టుకుని మొదలుపెట్టండి. నాలుగు ల్యాపులకే టైరు వేడెక్కి గాలి ఆరేడు పాయింట్లు పెరుగుతుంది. లోపలికి రాగానే, వేడిగా ఉండగానే చూసి, పెరిగింది కొంచెం కొంచెం తీయండి. అసలు సంగతి సాయంత్రం ఉంది. తీసిన గాలి మళ్లీ కొట్టించకుండా హైవే ఎక్కకండి. రాత్రికి టైరు చల్లారితే మీకున్నది 24, 25 పాయింట్లే. లగేజీతో, నలుగురు మనుషులతో 850 కిలోమీటర్లు దాని మీద రావడం మంచిది కాదు. ఇంకోటి, సెషన్ అయిపోగానే చివరి ల్యాపు బ్రేకు వాడకుండా మెల్లగా తిరిగి రండి. ఆపాక హ్యాండ్ బ్రేకు లాగకండి, గేర్లో వదిలి చక్రానికి ఇటుక పెట్టండి. కాగిన ప్యాడ్లు డిస్కుకు అతుక్కుంటాయి.

ప్రశ్న: నా దగ్గర బైకు హెల్మెట్ ఉంది, సరిపోతుందా?

కార్లకు వేరే రకం ఉంటుంది. హెల్మెట్లు పరీక్షించే స్నెల్ సంస్థ వాళ్ల ముద్రలో ఎస్‌ఏ అని ఉన్నవాటిలో నిప్పు అంటుకోని గుడ్డ ఉంటుంది, ఎం అని ఉన్నవి బైకులవి. మొదటి రోజుకు ముఖం పూర్తిగా కప్పే మంచి బైకు హెల్మెట్‌ను ట్రాక్ వాళ్లు ఒప్పుకుంటే తెచ్చుకోండి. సగం టోపీలు మాత్రం తేవద్దు.

ప్రశ్న: అద్దె భారం తగ్గాలంటే 40 మందిని పిలవచ్చు కదా?

పిలవచ్చు. తలకు పడేది తగ్గుతుంది. కానీ ఆరేసి కార్లు చొప్పున ఏడు గుంపులవుతాయి, 20 నిమిషాలు నడిపి రెండు గంటలు నీడలో కూర్చుంటారు. అప్పుడు ఎవరో ఒకరు ఒకేసారి పన్నెండు వదలండి అంటారు, మిగతావాళ్లు తలూపుతారు. కాబట్టి 24 మందితో ఆపేద్దాం. డబ్బు చాలకపోతే భోజనం సాంబారన్నంతో సరిపెడదాం.

ప్రశ్న: అయితే చెన్నై ఖాయమా?

నడిచి వచ్చాక ఖాయం. వచ్చే నెల మొదటి శనివారం నేను వెళ్తున్నాను, ఇంకో ఇద్దరికి కారులో చోటుంది. పలాస తమ్ముడూ, నువ్వు వస్తే బాగుంటుంది, కానీ డ్రైవింగు నాది. బయట నా కారు డిక్కీలో కాలిపోయిన ప్యాడ్లు, ఆ పానకం సీసా రెండూ ఉంచాను. టీ తాగి వచ్చి చూడండి. మీ కారు బానెట్ ఎత్తి ఫ్లూయిడ్ రంగు కూడా ఇక్కడే చూసుకుందాం, టార్చి నా దగ్గరుంది.